అన్ని పాటలకూ ఒకే నంబరు

మా అక్క పొద్దస్తమానం ఒకే రికార్డు వింటోందని నేను కనిపెట్టింది నేపర్‌విల్‌లో మేనల్లుడి ఇంటికి వెళ్ళిన మర్నాడు. వెళ్ళిన రోజు ప్రయాణం బడలిక, మోకాలి నొప్పి, పలకరింపులు, వీటితోనే సరిపోయింది. మర్నాడు ఆమె గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మేడమీద తూర్పు కిటికీ ఉన్న గది, మెత్తటి కార్పెట్టు, పట్టుకుని నడవడానికి గోడ వెంట కమ్మీ, పక్కనే బాత్రూము. కొడుకు తల్లికి ఏ లోటూ చేయలేదని ఎవరొచ్చి చూసినా అంటారు. అక్కకు చూపు నడిమధ్యలో పోయింది. ఎదుటి మనిషి భుజాలు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. అందుకని చదువు లేదు, టీవీ లేదు, కుట్టుపని లేదు. మిగిలినవి చెవులూ, ఒక రికార్డు ప్లేయరూ. కాఫీ తాగి రికార్డు ఒక పక్క పెట్టింది. అది అయ్యాక తిప్పి రెండో పక్క పెట్టింది. అదీ అయ్యాక మళ్ళీ మొదటి పక్క. అన్నం తిని పైకి వచ్చాక కూడా అదే స్టీలు గిటారు, అదే వాన పాట. "వేరేది పెట్టనా అక్కా?" అన్నాను. "వేరేది లేదురా," అంది, ఇంట్లో పెరుగు లేదని చెప్పినంత మామూలుగా.

వేరేది లేకపోవడమేమిటి? టెనెసీలో వాళ్ళింటి హాల్లో ఒక గోడ మొత్తం, నేల నుంచి పైకప్పు దాకా, రికార్డులే ఉండేవి. అన్నీ పాత కంట్రీ పాటల సంకలనాలు. ఒక్కో రికార్డులో పదిమంది గాయకులు, ఒక్కొక్కరిదీ ఒక్కో పాట. బావ పోయాక కూడా ఆ గోడ అలాగే ఉండేది. అక్క ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వచ్చేటప్పుడు నేను న్యూజెర్సీ పిస్కాటవేలో మోకాలికి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉన్నాను. సామాను సంగతి కిరణ్ చూసుకుంటాడంటే సరేనన్నాను. కిరణ్ మా అక్కకు ఒక్కడే కొడుకు, ఈ దేశంలోనే పుట్టాడు, ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఇంట్లోంచే పని చేస్తాడు. సాయంత్రం తన గది తలుపు తీసుకుని బయటికి రాగానే అడిగాను. వాడికి దాపరికం తెలియదు, వెంటనే చెప్పేశాడు.

"అమ్మ దగ్గర సేమ్ ఆల్బమ్ చాలా కాపీస్ ఉంది మావయ్యా. ఫోన్‌తో బార్‌కోడ్ స్కాన్ చేశాను. ఫస్ట్‌ది చూశాను, ఫోటో కూడా మ్యాచ్ అయింది. తర్వాత అన్నీ అదే వచ్చింది. ఒకటి ఉంచి మిగతావి డొనేట్ చేశాను."

ఒకే ఆల్బమ్ కాదు. అందులో ఏ ఒక్కటీ ఇంకొకదానిలాంటిది కాదు. వాటన్నిటి మీదా ఒకే బార్‌కోడ్ ఎందుకుందో ఇవాళ భూమ్మీద చెప్పగలిగినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే, ఎందుకంటే ఆ స్టిక్కర్లు అంటించిన చేతులు ఇవే. నేనేదో తప్పు ఒప్పుకోవడానికి ఇది రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. నా తప్పేమీ లేదు. కోపం వచ్చి రాస్తున్నాను. ఆ కోపం ఒక్క కిరణ్ మీదే కాదు. వాడు పుట్టక ముందు నుంచీ పోగుపడుతూ వచ్చింది.

అక్క పెళ్ళి చేసుకుని వచ్చిన ఊరు టెనెసీ కొండల మధ్య చిన్న ఊరు. ఒక వీధి, ఒక ఆస్పత్రి, రెండు పెట్రోలు బంకులు, లెక్కలేనన్ని చర్చిలు. మావైపు నుంచి ఆ ఆస్పత్రిలో చేరిన మొదటి డాక్టరు మా బావ. పెద్ద చదువు చదివి వచ్చాడు, కానీ ఎక్కడ నొప్పి అని అడిగితే రోగి చెప్పేది ఒక్క ముక్క అర్థమయ్యేది కాదట. ముక్కుతో మాట్లాడతారు, మాట మొదట్లో సాగదీస్తారు, చివర్లో మింగేస్తారు. కడుపు పట్టుకున్నవాడు కడుపు గురించే చెబుతున్నాడో, పోయిన కుక్క గురించి చెబుతున్నాడో తెలిసేది కాదు. ఒక పెద్దవయసు నర్సు చూసి చూసి, వీళ్ళ మాట అర్థం కావాలంటే వీళ్ళ పాట వినమని చెప్పిందట. బావ ఆ సాయంత్రమే పెట్రోలు బంకులో చిప్స్ పొట్లాల పక్కన నిలబెట్టిన స్టాండులోంచి ఒక రికార్డు కొన్నాడు. సంకలనమే కొన్నాడు, ఎప్పుడూ సంకలనాలే కొన్నాడు. ఒకే గాయకుడి రికార్డు కొంటే ఒక్క నోరే తెలుస్తుంది, కలగలుపుది కొంటే పది నోళ్ళు తెలుస్తాయనేవాడు. సంగీతం తెలిసినవాళ్ళు ఇప్పుడు ఈ సంకలనాలను చెత్త కింద లెక్కేస్తారు. ఆ చెత్త విని ఒక డాక్టరు ఒక ఊరి జబ్బులు అర్థం చేసుకున్నాడని వాళ్ళకు ఎవరు చెప్పాలి?

అక్క పౌరసత్వం వచ్చాక నాకు కాగితాలు పెట్టింది. అవి తేలి నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి నాకు మీసం సరిగ్గా రాలేదు. ఇంటర్ తప్పి ఉన్నాను. ఆ ఇంటి సాయంత్రాలు నాకు ఇప్పటికీ ముక్కులో ఉన్నాయి. బావ గరాజ్‌లో బూట్లు విప్పి, అక్కడే బట్టలుతికే తొట్టిలో కాళ్ళు కడుక్కునేవాడు. గరాజ్‌లో పెట్రోలు, కోసిన గడ్డి, తడి సిమెంటు కలిసిన వాసన. లోపలికి రాగానే ఆస్పత్రి సబ్బు వాసన, దాని మీదికి అక్క తాలింపు వాసన. ఎంత మంచు పడుతున్నా తాలింపు వేసేటప్పుడు వంటింటి కిటికీ తెరవాల్సిందే, లేకపోతే పొగ గంట మోగి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొస్తారు. కిటికీ తెరిస్తే పక్కింటివాళ్ళు పొగపెట్టే పంది మాంసం వాసన మా ఇంట్లోకి, మా ఇంగువ వాళ్ళింట్లోకి. గోంగూర దొరకని చోట అక్క రూబార్బ్ అనే ఎర్రటి పుల్లటి కాడలు తెచ్చి, ఎండుమిర్చి వేయించి, వెల్లుల్లి దంచి పచ్చడి చేసేది. బావ అది కలుపుకుని, కళ్ళు మూసుకుని, గోంగూరే అనుకుంటూ తినేవాడు. నేను అనుకోలేకపోయేవాణ్ణి, కానీ రెండోసారి వడ్డించుకునేవాణ్ణి.

భోజనానికి ముందు పాఠం. బావ రికార్డు పెట్టి ఒక చరణం విని, చటుక్కున ముల్లు ఎత్తేవాడు. "ఏం చెప్పాడు?" అని వంటింటివైపు కేకవేసేవాడు. టెన్త్ క్లాసుతో చదువు ఆగిపోయిన అక్క గరిటె చేత్తో గుమ్మంలోకి వచ్చి చెప్పేది. భార్య వెళ్ళిపోయిందట, కుక్క తోడుందట, వాన వస్తోందట. ఇంగ్లీషులోనే, ఆ పాట పాడినవాడి యాసలోనే అనేది. బావకు పట్టుబడనిది ఆమెకు రెండో వినికిడికే పట్టుబడేది. కొన్నాళ్ళకు రోగుల ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు ఫోను చేస్తే అక్కే మాట్లాడేది. ఎవరికి నొప్పి, ఎప్పటినుంచి, ఎలాంటి నొప్పి, అన్నీ విని బావకు తెలుగులో చెప్పేది. ఆ ఊళ్ళో ఎంతమంది బతికారో ఆ వంటింటి ఫోను చెప్పాలి. బావ పేరు ఆస్పత్రి గోడ మీద చెక్కారు. అక్క పేరు ఎక్కడా లేదు, ఆమె అడగనూ లేదు.

రికార్డులకు అక్క తన పేర్లు పెట్టుకుంది. అట్ట మీద అచ్చయిన పేర్లతో ఆమెకు పని లేదు. అవి అన్నీ ఒకేలా ఉండేవి కూడా. బంగారు పాటలు, గొప్ప పాటలు, ఆణిముత్యాలు, ఇలా ఇంగ్లీషులో ఉన్న నాలుగు మాటలనే అటూ ఇటూ మార్చి అన్నిటికీ పెట్టేవారు. అక్కకు మాత్రం ఒకటి ఎర్రచొక్కా, ఒకటి గుర్రబ్బండి, ఒకటి గడ్డంతాత, ఇంకొకటి వంతెన. కూరలు తరిగేటప్పుడు ఎర్రచొక్కా, ఇస్త్రీ చేసేటప్పుడు వంతెన. గడ్డంతాత ఆదివారం తలంటుకు. నూనె రాసిన తలతో కుర్చీలో కూర్చోబెట్టి, ఆ పక్క అయిపోయేదాకా లేవకూడదు అనేది నాతో. గడియారం చూసే పని లేదు. ఏ పాట తర్వాత ఏ పాట వస్తుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఒక పాట ఆగి ఇంకో పాట మొదలయ్యే ఆ చిన్న సందులోనే తర్వాతిది చెవిలో మోగేది.

నాకు చదువు అబ్బదని తేలాక బావ నన్ను ఆ ఊరి చివర ఒక గిడ్డంగిలో పెట్టించాడు. చుట్టుపక్కల ఊళ్ళ పెట్రోలు బంకులకూ మందుల షాపులకూ చవక రికార్డులు సరఫరా చేసే చోటు. యజమాని పేరు డ్వేన్. పొట్ట మీదికి జారిన బెల్టు, నోట్లో ఎప్పుడూ ఆర్పిన చుట్ట. అక్కడే నేను ఇంగ్లీషు నేర్చుకున్నాను, అట్టల వెనకపక్క చిన్న అక్షరాలు చదివి. ఎవరు ఫిడేలు వాయించారు, ఎవరు రాశారు, ఎక్కడ రికార్డు చేశారు, అన్నీ చదివేవాణ్ణి. నాకు బడి అదే. అట్ట వెన్ను మీద రెండు మూడు అక్షరాలు, వాటి పక్కన అంకెలు ఉండేవి. అక్షరాలు కంపెనీని చెబుతాయి, అంకెలు ఆ రికార్డును చెబుతాయి. రికార్డు మీద కూడా, పాటలన్నీ అయ్యాక లేబుల్ దగ్గర మిగిలే నున్నటి పట్టీలో, గోటితో గీకినట్టు ఇంకో నంబరు ఉంటుంది. అది ఏ మూసలోంచి వచ్చిందో చెబుతుంది. అంటే ప్రతిదానికీ దాని పుట్టుక దాని ఒంటి మీదే రాసి ఉండేది. అమ్ముడుపోక తిరిగొచ్చినవాటికి రంపంతో అట్ట మూల కోసేవాళ్ళం, మళ్ళీ పూర్తి ధరకు అమ్మకుండా. అలా మూల తెగినవి పనివాళ్ళు ఇంటికి పట్టుకుపోవచ్చు. మా ఇంటి గోడ అలా నిండింది.

ఆ తర్వాత గీతలొచ్చాయి, ఈ బార్‌కోడ్లే. పెద్ద ఊళ్ళో ఒక గొలుసు దుకాణం, అంటే ఊరూరా కొట్లున్నది, మా రికార్డులు తీసుకుంటానంది, కానీ గీతలు లేని సరుకు లోపలికి రానివ్వనంది. వాళ్ళ గల్లాపెట్టె దగ్గర కొత్తగా మిషన్లు పెట్టారు. మా సరుకంతా గీతలు పుట్టక ముందు అచ్చయింది. డ్వేన్ ఒక పొద్దున స్టిక్కర్ల చుట్టలు దింపించాడు. పెట్టె విప్పి చూశాను. అన్నిటి మీదా ఒకే నంబరు. పొరపాటున ఒకే రకం వచ్చిందనుకుని వెళ్ళి చెప్పాను. పొరపాటు కాదన్నాడు. అన్నిటి ధరా ఒకటే, కాబట్టి నంబరూ ఒకటే. వేరు వేరు నంబర్లు కావాలంటే వేరు వేరుగా కొనాలి, దానికెవరు పెట్టుకుంటారన్నాడు. పాటలు వేరు కదా, పాడినవాళ్ళు వేరు కదా అన్నాను. వాడు చుట్ట నోట్లోంచి తీసి, నా భుజం మీద చెయ్యేసి, చాలా ప్రేమగా అన్నాడు: "మిషన్ పాటలు వినదు అబ్బాయ్."

ఆ మాట నాకు ఈరోజుకీ ఒంట్లో ముల్లులా తిరుగుతోంది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం దగ్గర కూర్చుని గొడవపెట్టాను. ఎర్రచొక్కాకీ గడ్డంతాతకీ ఒకే నంబరు వేయమంటున్నాడు, రేపు ఎవడైనా ఏది ఏదో ఎలా తెలుసుకుంటాడని అడిగాను. బావ రూబార్బ్ పచ్చడి కలుపుకుంటూ నవ్వాడు. అట్ట తీసి చూస్తే తెలుస్తుంది కదా, నీదెంత చాదస్తం సూరీ అన్నాడు. పనిలో చేరినవాడివి, చెప్పింది చెయ్యి, పాటకేం నష్టం అన్నాడు. అంత చదువుకున్నవాడు, మనిషి కడుపు మీద రెండు వేళ్ళు వేసి లోపలి సంగతి చెప్పినవాడు, అట్ట తీసి చూడనివాడు పుడతాడని మాత్రం ఊహించలేకపోయాడు. ఊహించనివాళ్ళ మీద కూడా నాకు కోపమే. మర్నాటి నుంచి అంటించాను. ఏడాది పొడుగునా అంటించాను. జిగురు వాసన అన్నంలోకి వచ్చేది. తర్వాత ఆ గొలుసు దుకాణం రికార్డులే మానేసింది, డ్వేన్ గిడ్డంగి మూసేశాడు, స్టిక్కరుతో తిరిగొచ్చిన సరుకు మూలలు కోయించుకుని, అప్పటికే అరిగిపోయిన పాతవాటి చోట మా గోడకు చేరింది. నేను న్యూజెర్సీ వెళ్ళి మందుల గోడౌన్‌లో చేరాను. అక్కడ పాతికేళ్ళు మాత్రల డబ్బాల మీద గీతలే చూశాను. అక్కడ ఒక్కో మందుకూ ఒక్కో నంబరు, అది తప్పితే ప్రాణాలు పోతాయని అందరికీ తెలుసు. పాటల దగ్గర ఎవరికీ తెలియలేదు.

ఇదంతా కిరణ్‌కు నిలబెట్టి చెప్పాను. వాడు విన్నాడు, మధ్యలో ఫోను చూసుకోలేదు, అది వాడి మర్యాద. చివరికి, "అట్ట మీద బొమ్మ చూడలేదా నువ్వు?" అన్నాను.

"చూశాను మావయ్యా. అన్నిట్లో టోపీ పెట్టుకున్న మగవాళ్ళే ఉన్నారు. నాకు సేమ్ లాగే ఉంది." వాడికీ పౌరుషం వచ్చినట్టుంది. "స్టిక్కర్ పెట్టింది మీరే కదా మావయ్యా."

"అది ధర కోసం పెట్టింది. నువ్వు దాన్ని పేరనుకున్నావు."

ఇంటర్నెట్‌లో ఈ రికార్డుల వివరాలన్నీ జనమే రాసిపెట్టుకునే చోటు ఒకటుందట. అందులో ఎవడో మహానుభావుడు తన దగ్గరున్న ఒక్క రికార్డు మీది స్టిక్కరు చూసి, ఆ నంబరు ఆ రికార్డుదే అని ఎక్కించాడు. ఆ ఒక్కటే నిజమైపోయింది. ఆ నంబరున్న రికార్డు లోకంలో ఎక్కడున్నా, దాని మీద ఎర్రచొక్కా ఉన్నా గుర్రబ్బండి ఉన్నా, ఫోను దాన్ని ఆ ఒక్క పేరుతోనే పిలుస్తుంది. నేను కూర్చుని నా అట్టల ఇంగ్లీషులో వాళ్ళకు పొడుగాటి ఉత్తరం రాశాను. ఎవరో స్వచ్ఛందంగా పనిచేసే కుర్రాడు మర్యాదగా జవాబిచ్చాడు. వేరు వేరు రికార్డుల మీద అదే స్టిక్కరు ఉన్న ఫోటోలు పంపిస్తే మారుస్తామన్నాడు. ఎక్కణ్ణుంచి పంపను? ఆ తప్పు వల్లే అవి పోయాయి, అవి పోయాయి కనుక ఆ తప్పు తప్పని చూపించలేను. ఇలాంటి ఏర్పాటు చేసినవాడెవడో ఎదురుపడితే చొక్కా పట్టుకునేవాణ్ణి. టెనెసీలో కిరణ్ రికార్డులిచ్చిన దుకాణానికి ఫోను చేయించాను. పాత రికార్డులు ఎవరో గంపగుత్తగా పట్టుకుపోయారని, ఎవరో తెలియదని చెప్పారు.

కిరణ్ మనసు చెడ్డది కాదు, అదే నాకు ఇంకా మండేది. రికార్డులు తగ్గాయని అమ్మ దిగులు పడుతోందేమోనని, నేను రాక ముందే ఒక రోజు కొత్తగా ఉన్నది ఒకటి తెప్పించాడట, అట్ట మూల తెగనిది. ఏది తెప్పించాడు? ఆ నంబరు కొట్టి తెప్పించాడు. ఇప్పుడు అక్క దగ్గర అదే రికార్డు రెండున్నాయి. అక్క దాన్ని చేత్తో తడిమి, పాట విని, బాగుంది నాన్నా అందట. ఇంకా పాటలు కావాలంటే అన్నీ నెట్‌లో ఉన్నాయని, గాయకుడి పేరు చెబితే చాలు స్పీకరు వినిపిస్తుందని దాన్ని గది మూల పెట్టాడు. పాటలున్నాయి, నిజమే. కానీ ఎర్రచొక్కాలో రైలు పాట అయ్యాక జైలు పాట రావాలి. ఆ స్పీకరు రైలు పాట అయ్యాక ఏదో కొత్తకుర్రాడి ట్రక్కు పాట వేస్తుంది. అక్క చెయ్యి తర్వాతి పాటకు తాళం వేయడానికి గాలిలో సిద్ధమై, అది రాక, ఒళ్ళో పడిపోవడం నేను చూశాను. స్పీకరుతో ఆమె మాట్లాడే ఇంగ్లీషు ఆ కొండల ఇంగ్లీషు, కింద గుంటూరు పునాది. దానికి ఒక్క ముక్క అర్థం కాదు. ఒకప్పుడు ఒక ఊరి జబ్బులన్నీ ఫోనులో విని అర్థం చేసుకున్న మనిషిని పట్టుకుని, అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమంటుంది.

ఆ వారంలోనే అక్కను కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. నర్సు లోపలికి వస్తూనే అక్క చేతి పట్టీ మీది గీతలకు మిషన్ చూపించింది. అది కూసింది. అప్పుడు తెరవైపు తిరిగి పేరు చదివి, ఆ తర్వాత ముఖం చూసి నవ్వింది. బావ ముందు ముఖం చూసేవాడు. నాలుక చూసేవాడు, గోళ్ళు చూసేవాడు, పేరు చివర్న అడిగేవాడు. నేను పళ్ళు కొరుక్కుంటుంటే కిరణ్ నా మోచెయ్యి పట్టుకుని, "అది సేఫ్టీ కోసం మావయ్యా," అన్నాడు. నాకూ తెలుసు. పాతికేళ్ళు మందుల డబ్బాలు మోసినవాణ్ణి, గీతల విలువ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గీతలు చూశాక మనిషిని చూడమంటున్నాను, అంతే. చూడక్కర్లేదని ఎప్పుడు తీర్మానం చేశారు, ఎవరు చేశారు?

తిరిగొచ్చాక పైన గదిలో ముగ్గురం కూర్చున్నాం. అక్క అదే రికార్డు పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండి అక్క మీద కూడా అరిచాను. పోయినవి పోయాయని తెలిసి ఇన్నాళ్ళూ నోరెందుకు మెదపలేదని అడిగాను. అక్క నా వైపు తిరగలేదు. కిరణే కిందికి, కార్పెట్టు మీదికి దిగి కూర్చున్నాడు.

"అమ్మా, అవి డిఫరెంట్ అని నువ్వు నాకు చెప్పాలి కదా."

"నువ్వు నన్ను అడగలేదు నాన్నా. ఫోన్ని అడిగావు." కోపంగా అనలేదు. ఎవరో రోగి భార్య ఫోనులో చెప్పిన సంగతి బావకు అందించినట్టు, ఉన్నదున్నట్టు అంది. "ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నేను వరండాలో కూర్చునే ఉన్నా. లోపల్నించి కుయ్ కుయ్ అని వినపడుతూనే ఉంది."

కిరణ్ లేచి వెళ్ళి లాప్‌టాప్ తెచ్చుకుని మళ్ళీ కిందే కూర్చున్నాడు. "మావయ్యా, మీకు అన్నీ గుర్తుంటాయి కదా. పేర్లు చెప్పండి. ఎక్కడున్నా కొంటాను," అన్నాడు.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. పేర్లు చెప్పాను. బంగారు పాటలు, గొప్ప పాటలు, ఇంగ్లీషులో అవే నాలుగు మాటలు. వాడు కొడుతుంటే తెర మీద టోపీలవాళ్ళు వరుసలు కట్టి వచ్చారు, ఒకడి తర్వాత ఒకడు, ఎంత కిందికి జరిపినా అయిపోవడం లేదు. అక్క తన పేర్లు అందించింది. ఎర్రచొక్కా అంటే ఎర్రచొక్కాలవాళ్ళు బోలెడుమంది. వాడు ఒక్కొక్క బొమ్మా పెద్దది చేసి చూపిస్తే నాకు కళ్ళు చెదిరి, ఇదే అనీ కాదు అనీ చెప్పలేకపోయాను. అక్కకు కనిపించదు. పాటల వరుస చెబుదామంటే ఆ సంకలనాల్లో సగానికి పాటల పట్టికే ఎవరూ ఎక్కించలేదు.

"నంబర్ ఏదైనా గుర్తుందా మావయ్యా? స్పైన్ మీద ఉండేది?"

వెన్ను మీద అక్షరాలు వచ్చాయి. అంకెలు రాలేదు. ఒక్కదానివీ రాలేదు. గదిలో పాట నడుస్తోంది. నేను కళ్ళు మూసుకుని గిడ్డంగిలో అరలన్నీ తిరిగాను. దుమ్ము వచ్చింది, రంపం చప్పుడు వచ్చింది, డ్వేన్ చుట్ట వాసన వచ్చింది. నేను ప్రేమగా చదివిన నంబర్లన్నీ ఎగిరిపోయాయి. ఉన్నది ఒక్కటే, ఆ ఏడాది పొడుగునా నా వేళ్ళు నొక్కి నొక్కి అంటించింది. ఈ బుర్రలో ఇంకేదీ నిలవకుండా అది ఒక్కటి మేకు కొట్టుకుని కూర్చుంది.

ఒక్క అంకె తడుముకోకుండా మొదట్నుంచి చివరి దాకా చెప్పాను. కిరణ్ కొట్టాడు. తెర మీద బొమ్మ వచ్చింది. వాడు దాన్ని చూసి, ప్లేయరు పక్కన ఆనించి ఉన్న అట్టను చూసి, నా వైపు చూడలేక తల దించుకున్నాడు.

"దొరికిందా?" అంది అక్క.

"దొరికింది," అన్నాను.

"ఏదిరా?"

నేను పేరు చదివాను. అక్క కాసేపు వింది, మా మాటలను కాదు, రికార్డును. ఆ పక్క అయిపోయి ముల్లు లేబుల్ దగ్గర ఊరికే గీసుకుంటోంది.

"అది మన దగ్గరుందిగా," అంది, తిప్పి పెట్టడానికి చెయ్యి చాపుతూ.